బుల్లి కొన్న కాఫీ

అక్క ఫోన్ చేసేటప్పటికి బుల్లి స్టవ్ మీద పాలు పెట్టి, భర్త టిఫిన్ డబ్బాలోకి కూర సర్దుతోంది. కాఫీ తోటలో పని మొదలయ్యే వేళకి అక్క ఎప్పుడూ ఫోన్ చేయదు. "ఏంటక్కా, ఇంత పొద్దున్నే గుర్తొచ్చాను?" అని నవ్వుతూనే అడిగింది బుల్లి.

ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నంత నెమ్మదిగా అక్క అంది:

"మంచు పడిందే బుల్లీ. మామూలుగా పడే మంచు కాదు, గడ్డకట్టింది. నిన్ననే చెప్పాల్సింది, నోరు రాలేదు. మనదే కాదు, ఇటు చాలా తోటలు నల్లబడిపోయాయి. చెట్ల మీద ఎవరో మరిగే నీళ్ళు పోసినట్టుంది... కాయ ఒక్కటి కూడా పనికిరాదంటున్నారు మీ బావ."

సరిగ్గా అప్పుడే గదిలోంచి భర్త కేక వినబడింది. "బుల్లీ, ఇటు చూడు! మన కాఫీ ఎంత పెరిగిందో చూడు! రెండు రోజుల్లో ఇంతా?" అంటూ ఫోన్ చేత్తో పట్టుకుని, షర్టు గుండీలు కూడా పెట్టుకోకుండా వంటింట్లోకి వచ్చేశాడు. మొహం వెలిగిపోతోంది.

బుల్లి అతని ఫోన్‌లోని అంకె చూసింది. చూడగానే మనసు ఒక్కసారి ఎగిరింది. ఒక్క క్షణమే. చెవి దగ్గర అక్క ఊపిరి వినబడుతూనే ఉంది. ఆ రెండూ ఒకటేనని, చెట్లు మాడినందుకే ధర పెరిగిందని అప్పుడర్థమైంది బుల్లికి. మాట్లాడొద్దని భర్తకి చేత్తో సైగ చేసింది. పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా ఇద్దరూ కదల్లేదు.

"ఎవరే అది, మరిదిగారా? ఏదో సంతోషంగా ఉన్నట్టున్నారు," అంది అక్క.

"ఏం లేదక్కా... ఆఫీసు సంగతి ఏదో," అంది బుల్లి.

అక్కతో అబద్ధం చెప్పడం బుల్లికి అదే మొదటిసారి.

తల్లి పోయేనాటికి బుల్లికి ఇంకా ఊహ రాలేదు. తండ్రి లారీ నడుపుతూ నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. చదువు మానేసి కాఫీ గింజలు ఏరే షెడ్డులో పనికి చేరింది అక్క. చెల్లెల్ని వదిలే చోటు లేక వెంట తీసుకుపోయేది. పొడవాటి బల్లల ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చుని పురుగు తిన్నవీ, విరిగినవీ ఏరి పక్కన పడేస్తుంటే, బుల్లి గోనె బస్తాల మీద పడుకుని నిద్రపోయేది. పచ్చి కాఫీ గింజల ఆ వాసనే ఆమెకి అమ్మ వాసన. వేరే వాసన ఏదీ గుర్తు లేదు.

బావ ఆ షెడ్డుకే తన తోట కాఫీ తెచ్చేవాడు. ప్రతిసారీ అక్క కూర్చున్న బల్ల దగ్గరే బస్తాలు దింపించేవాడు. ఆయన బస్తాల్లో చెడ్డ గింజలు ఎక్కువుండేవనీ, ఏరడం ఎంత ఆలస్యమైతే అంతసేపు అక్కడ నిలబడొచ్చని కావాలనే కలిపి తెచ్చేవాడనీ అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఆయన ఔనూ అనడు, కాదూ అనడు. పెళ్ళి మాట వచ్చినప్పుడు అక్క పెట్టిన షరతు ఒక్కటే, చెల్లెలు తనతోనే ఉంటుందని. "ఆ పిల్ల లేకుండా నువ్వు ఒక్కదానివే వస్తావని నేను ఎప్పుడనుకున్నాను?" అన్నాడట బావ.

అలా కొండ మీద ఆ తోటలో పెరిగింది బుల్లి. పెద్దయ్యాక పట్నం వచ్చి కళ్ళజోళ్ళ పని నేర్చుకుని, ఒక షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఉద్యోగంలో చేరింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి. సంతోషం వచ్చినా దిగులు వచ్చినా వీధి చివరికి వినబడాల్సిందే.

ఫండ్ సంగతి మొదట తెచ్చింది అతనే. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తుంటే అక్కడివాళ్ళ మాటలు విని వచ్చాడు. "బంగారం కొని బీరువాలో పెట్టుకోనక్కర్లేదు బుల్లీ, చమురు కొని పీపాల్లో దాచుకోనక్కర్లేదు. వాటి ధర వెంట నడిచే ఫండ్లు ఉన్నాయి. ఈటీఎఫ్ అంటారు. షేరు కొన్నట్టే ఫోన్‌లో కొద్దికొద్దిగా కొనుక్కోవచ్చు. సరుకు ధర పెరిగితే మనదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. పైకీ కిందకీ తిరగడం నాకెలాగూ అలవాటే కదా," అన్నాడు.

"అందులో కాఫీ ఉందా?" అని అడిగింది బుల్లి.

అతను వెతికి చూశాడు. ఉంది.

"అయితే కాఫీయే కొందాం. నా జీతంలోంచి నేనే కొంటాను."

అంతమంది బంగారం కొంటుంటే ఇదేం పిచ్చి అన్నాడు భర్త. బుల్లి ఒప్పుకోలేదు. ఆమె లెక్క ఆమెకి ఉంది. కాఫీ ధర పెరిగితే అక్క బాగుపడుతుంది, తనూ బాగుపడుతుంది. తగ్గితే ఇద్దరూ కలిసే ఓర్చుకుంటారు. అక్కకి దూరంగా వచ్చేసినా ఇద్దరూ తక్కెడలో ఒకే పళ్ళెంలో కూర్చున్నట్టుంటుందని ఆమె ఆశ. ఏనాటికైనా ఒకరోజు ఫోన్ తెరిచి చూపించి, "చూశావా అక్కా, నీ తోట నా జేబులో ఉంది" అని ఆశ్చర్యపరచాలనుకుంది. అందుకే చెప్పలేదు.

మొదట్లో కొన్నది తగ్గుతూనే వచ్చింది. ధర కదలకపోయినా ఫండ్ కాస్త కాస్త అరిగేది. అదేమిటని భర్త కనుక్కుని వచ్చాడు. "వాళ్ళ గోదాముల్లో బస్తాలేమీ ఉండవట. ముందు నెలల్లో ఇవ్వబోయే కాఫీకి ఇవాళే కుదుర్చుకున్న ఒప్పందాలుంటాయట. ఒకదాని గడువు దగ్గరపడగానే అది అమ్మేసి తర్వాతి నెలది కొంటారు. ఆ మార్పిడిలో కొంత తరుగు పోతుంది," అన్నాడు. తరుగు అనే మాట బుల్లికి బాగా తెలుసు. షెడ్డులో బస్తా తూచిన ప్రతిసారీ వినేది. "పోతే పోనీలెండి," అని నెలనెలా కొంటూనే ఉంది.

ఇప్పుడు ఆ తరుగంతా పూడిపోయి, పెట్టిన దానికి రెట్టింపు దాటింది. ధర రోజూ పెరుగుతూనే ఉంది. వాళ్ళుండేది ఇనప మెట్ల మీదుగా ఎక్కాల్సిన అద్దె వాటా. మధ్యాహ్నానికే ట్యాంకులో నీళ్ళు అయిపోతాయి. తను లిఫ్టు చూసే ఒక భవనంలో చిన్న ఫ్లాటు అమ్మకానికి ఉందని, ఇది మొదటి వాయిదాకి సరిపోతుందని భర్త ఉత్సాహంగా చెప్పాడు. వంటగదిలో ఎండ పడుతుందట, కిటికీలోంచి చెట్టు కనిపిస్తుందట. బుల్లి విని తలూపింది. అక్క సంగతి తేలేదాకా ఈ మాట వాళ్ళ దగ్గర ఎత్తొద్దని మాత్రం ఒట్టు వేయించుకుంది.

తర్వాతి వారం అక్కా బావా పట్నం వచ్చారు. కాఫీ వ్యాపారితో పని ఉందని, రెండు మూడు రోజులు ఉంటామని అన్నారు. అక్క చెంపలు లోపలికి పోయాయి. బావ గోళ్ళ చుట్టూ నలుపు, ఎంత కడిగినా పోలేదు. మాడిన కొమ్మలు విరిచి చూస్తే అంటుకున్న నలుపు అది. బుల్లి వాళ్ళ ముందు మంచినీళ్ళు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎంత మాట్లాడినా తన గొంతు తనకే పరాయిగా వినబడింది. అక్క ఒకటి రెండుసార్లు ఆమె మొహంలోకి చూసి, "ఒంట్లో బాగుండలేదా?" అని అడిగింది.

సాయంత్రం వ్యాపారి దగ్గర్నుంచి తిరిగి వచ్చాక భోజనాల దగ్గర బావ సంగతి చెప్పాడు. పూత మీద ఉన్నప్పుడే ఈ ఏటి పంట ఆ వ్యాపారికి ఇస్తానని ధర మాట్లాడుకుని సంతకం పెట్టాడు. అప్పుడు ధర బాగానే ఉందనిపించింది, ముందే మాట అయిపోతే నిశ్చింతగా ఉండొచ్చనుకున్నాడు. ఇప్పుడు ఇవ్వడానికి పంట లేదు. మాట మాత్రం అలాగే ఉంది.

"ఆయన తప్పేం లేదు," అన్నాడు బావ. "నన్ను నమ్ముకుని ఆయన ఇంకొకరికి ఇస్తానన్నాడు. పంట పోయిందంటే ఆయనా బాధపడ్డాడు. కానీ కాఫీ ఇవ్వాలి. నాకు లేకపోతే బయట కొనైనా ఇవ్వాలి. ఇవాళ్టి ధర చూస్తే... తోటలో సగం అమ్ముకోవాల్సి వచ్చేట్టుంది. ధర కొంచెం దిగొస్తే ఊపిరి పీల్చుకోవచ్చు."

"ఇప్పట్లో దిగదు అన్నయ్యా. ఇంకా పెరుగుతుందంటున్నారు," అన్నాడు బుల్లి భర్త, జాలిగానే.

"నీకెలా తెలుసు తమ్ముడూ? లిఫ్టుల్లో కాఫీ కబుర్లు కూడా చెప్పుకుంటున్నారా?" అని బావ చిన్నగా నవ్వాడు. వచ్చినప్పట్నుంచీ అదే మొదటి నవ్వు.

"రోజూ చూస్తూనే ఉంటాం కదా, మన ఫండ్..." అంటూనే అతను ఆగిపోయాడు. బుల్లి కంచంలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏం ఫండు?"

అబద్ధం అతని వల్ల కాదు. తల వంచుకుని అంతా చెప్పాడు. అంతా విన్నాక బావ అడిగాడు.

"అంటే కాఫీ ధర పెరిగితే మీకు లాభం."

"అవునన్నయ్యా."

"ఇప్పుడు ధర ఎందుకు పెరిగింది?"

బావ కంచంలో ఉన్నదంతా తిన్నాడు. తినడం పూర్తయ్యాక లేచి చెయ్యి కడుక్కున్నాడు. "మంచిదే. ఇంట్లో ఒకరికైనా కలిసొచ్చింది," అని, బయటికి వెళ్ళి ఇనప మెట్ల మీద కూర్చున్నాడు. ఆ మాటలో కోపం వెతికినా దొరకలేదు. అదే బుల్లి భరించలేకపోయింది. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

"అక్కా..." అంది.

అక్క కంచాలు తీసి ఒకదాని మీద ఒకటి పెడుతోంది. "నీళ్ళు పట్టి ఉంచావా? గిన్నెలు కడిగేస్తాను," అంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్ళిపోయారు. రెండు మూడు రోజులన్నారుగా అని బుల్లి అడగలేకపోయింది. బస్సు దగ్గర అక్క, "నువ్వు వెళ్ళు. షాపుకి టైం అవుతుంది," అని అటు వైపు కిటికీ సీట్లో కూర్చుంది.

ఆ తర్వాత అక్క ఫోన్ చేయడం మానేసింది. బుల్లి చేస్తే బావ ఎత్తేవాడు. "తోటలో ఉందమ్మా, వచ్చాక చెబుతాను," అనేవాడు మర్యాదగా. బావ ఆమెని ఎప్పుడూ "ఏమే మరదలా" అనేవాడు. ఆ "అమ్మా" అన్న మాట విన్నప్పుడల్లా గుండెలో ఏదో గుచ్చుకునేది. ఒకరోజు షాపులో బుల్లి ఒక పెద్దావిడ కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించి ఇచ్చేసింది. ఆవిడ మెట్లు దిగబోయి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. యజమాని తిట్టలేదు గానీ, ఇవాల్టికి ఇంటికి పొమ్మన్నాడు.

మధ్యాహ్నం ఇంటికి చేరి, ఖాళీ బిందె ముందు కూర్చుని బుల్లి తనివితీరా ఏడ్చింది. అక్క చదువు మానుకుని తనకి చదువు చెప్పించింది. కడుపు మాడ్చుకుని తనకి పెట్టింది. అలాంటి అక్క చెట్లు కాలిపోతే తన ఫోన్‌లో అంకె పెరగడమేమిటి... ఒకే పళ్ళెంలో కూర్చున్నాననుకుంది. తీరా చూస్తే, అక్క కిందికి దిగినకొద్దీ తను పైకి లేచే పళ్ళెంలో ఉంది.

భర్త వచ్చేసరికి ఏడుపు ఆగింది. కళ్ళు తుడుచుకుని, "ఆ ఫండ్ అమ్మేద్దామండీ," అంది.

అతను బల్ల మీద పనిముట్ల సంచీ పెట్టాడు. "అమ్మేస్తే మీ బావ చెట్లు బతుకుతాయా? నేనేమైనా దొంగతనం చేశానా బుల్లీ? మంచు నేను కురిపించానా? కష్టపడి కొన్నాం, కలిసొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఇంకా వస్తుంది. ఆ ఇల్లు..."

"మీ తప్పేం లేదు. నా తప్పూ లేదేమో. కానీ రోజూ పొద్దున లేచి నేనేం కోరుకోవాలో మీరే చెప్పండి. ధర పెరగాలని కోరుకోనా? పెరిగితే బావ ఇంకా మునిగిపోతాడు. తగ్గాలని కోరుకోనా? తగ్గితే మీరు చూసిన ఇల్లు పోతుంది. ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలన్నా నాకు మాట రావట్లేదండీ."

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనబడని ఆ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఎండ పడే వంటగది అతని కళ్ళ ముందు ఉందని బుల్లికి తెలుసు. చివరికి జేబులోంచి ఫోన్ తీసి, ఖాతా తెరిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నీ జీతంతో కొన్నది. నువ్వే నొక్కు," అని, ఎప్పట్నుంచో కారుతున్న పంపు బిగించడానికి వెళ్ళిపోయాడు.

బుల్లి అమ్మేసిన మర్నాడు ధర మరీ పెరిగింది. అతను ఆ మాట చెప్పలేదు. టిఫిన్ తింటూ అస్సలు ఫోన్ వైపు చూడకపోవడం చూసి బుల్లి తనంతట తనే గ్రహించింది. ఆ పూట అతని కంచంలో మామూలు కంటే ఎక్కువ వడ్డించింది. అతనూ వద్దనలేదు.

ఆదివారం ఇద్దరూ కొండకి బయల్దేరారు.

మలుపు తిరగ్గానే తోట కనబడింది. బుల్లి నడక ఆగిపోయింది. చిన్నప్పుడు దాగుడుమూతలాడిన ఆ పచ్చటి వరసలన్నీ గోధుమరంగులోకి మారి, ఆకు రాలిన కొమ్మల్లోంచి అవతల ఆకాశం కనబడుతోంది. కొమ్మలకి నల్లగా ముడుచుకుపోయిన కాయలు ఇంకా వేలాడుతున్నాయి. బావ రంపంతో ఒక్కో చెట్టునీ మోకాలెత్తున కోసి మోడు చేస్తున్నాడు. వీళ్ళని చూసి రంపం ఆపాడు.

"రా తమ్ముడూ. రామ్మా," అన్నాడు. "వేళ్ళు బతికే ఉన్నాయి. మోడు కొడితే చిగురేస్తాయి. కాపు చూడాలంటే రెండు మూడేళ్ళు ఆగాలి, అంతే."

బుల్లి ఉగ్గబట్టుకున్నదంతా అక్కడే చెప్పేసింది. "అమ్మేశాం బావా. మీరివ్వాల్సిన కాఫీలో సగానికి పైగా దాంతో కొనొచ్చు. తోట అమ్మొద్దు. మిగతాది ఎలాగో చూద్దాం..."

బావ రంపం పళ్ళకి అంటిన పొట్టు వేలితో తుడిచాడు. "మీ మంచితనం నాకు తెలియక కాదు. నా చెట్లు చచ్చాయని వచ్చిన డబ్బుతో నా మాట నిలబెట్టుకోలేను. ఆ తిండి నాకు అరగదమ్మా. వెళ్ళి భోజనం చేయండి," అని మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. బుల్లి భర్త కాసేపు నిలబడి, తర్వాత చొక్కా చేతులు మడిచి, కోసిన కొమ్మలు ఈడ్చి కుప్ప వేయడానికి వెళ్ళాడు.

అక్క వంటింట్లో ఉంది. చెల్లెల్ని చూసి పీట జరిపింది గానీ పలకరించలేదు. బుల్లి కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, నీకు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నేను బతకలేను. ఆరోజు పొద్దున నువ్వు ఫోన్‌లో మంచు పడిందని చెబుతున్నావు. ఆయన వచ్చి ధర పెరిగిందని చూపించారు. అప్పుడు... ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది అక్కా. నీ గొంతు నా చెవిలో ఉండగానే! ఆ ఒక్క క్షణాన్ని ఎంత కడుక్కున్నా పోవట్లేదు. నువ్వు నన్ను తిట్టు, కొట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు..."

అక్క పొయ్యి మంట తగ్గించింది.

"పోయినేడు అవతలి కొండ తోటలకి తెగులు వచ్చింది, గుర్తుందా? ఆకులన్నీ పండిపోయి రాలిపోయాయి. మన సుందరం కోడలు పిల్ల ఇక్కడికి వచ్చి, ఇదిగో ఈ పీట మీదే కూర్చుని ఏడ్చింది. సుందరం అంటే తెలుసుగా, పెళ్ళిళ్ళకి వచ్చినప్పుడల్లా పాట పాడే ముసలాయన. నేను దాని వీపు నిమురుతున్నాను. నిమురుతూ లోపల ఏమనుకున్నానో తెలుసా? వాళ్ళ పంట పోయింది, ఈ ఏడు మన కాఫీకి మంచి ధర వస్తుంది అనుకున్నాను. వచ్చింది కూడా. ఆ డబ్బుతోనే పైకప్పు మార్పించాం. ఆ మాట ఇన్నాళ్ళూ మీ బావకి కూడా చెప్పలేదు."

బుల్లి గడప దాటి లోపలికి వచ్చింది.

"నువ్వు కొన్నందుకు నాకు కోపం రాలేదే పిచ్చిదానా. ఈ పని చేసేవాళ్ళెవరికైనా, ఒకడి పంట పోతేనే ఇంకొకడికి ధర. అది నాకు కొత్తా? నువ్వు నా ఎదురుగా కూర్చుని భయపడ్డావు చూడు, అది తట్టుకోలేకపోయాను. చిన్నప్పుడు గిన్నె పగలగొట్టినా నేరుగా వచ్చి చెప్పేదానివి. నన్ను చూసి ఎన్నడూ భయపడలేదు నువ్వు. ఆరోజు నీ కళ్ళల్లో భయం చూసి, నేను దీనికి ఎప్పుడు పరాయిదాన్నయ్యానా అనిపించింది. ఫోన్ తియ్యాలంటే ఏడుపొచ్చేది."

"పరాయిదానివా..." అంటూ బుల్లి వెళ్ళి అక్క ఒడిలో తల పెట్టేసింది. ఇద్దరూ ఏడ్చారు. పెద్దగా కాదు, చాలాకాలంగా ఆగిన వాన మెల్లగా పట్టుకున్నట్టు.

వాకిట్లో చప్పుడైతే తలెత్తి చూశారు. మంచినీళ్ళ కోసం వచ్చిన బావ గడప అవతల నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. అక్క కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"విన్నారుగా. ఇక నేను చెప్పేది కూడా వినండి. ఆ డబ్బు చెట్లు చచ్చినందుకు వచ్చిందన్నారు. నిజమే. మన చెట్ల మీద నుంచే పోయింది అది. మనకి తెలియనివాళ్ళ ఇళ్ళకి ఎన్నింటికో పోయి ఉంటుంది. వాళ్ళెవరూ మెట్లెక్కి వచ్చి ఇదిగో మీది అనరు. కొంచెం మాత్రం దీని ఇంట్లో ఆగింది. ఇది తిరిగి తెచ్చింది. మీరు వద్దని పంపేస్తే అది ఇంకెక్కడికి పోవాలి?"

బావ కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాడు. గ్లాసు బోర్లించాడు.

"తెగులు సంగతి నాకూ తెలుసు. ఆ పైకప్పు మేకులు కొట్టేటప్పుడు నేనూ అదే అనుకున్నాను," అన్నాడు మెల్లగా. తర్వాత బుల్లి వైపు చూశాడు. "ఏమే మరదలా, ఎంతసేపు ఏడుస్తారు మీరిద్దరూ? అక్కడ నీ మొగుడు ఆకలికి కొమ్మలు నమిలేట్టున్నాడు. అన్నం పెట్టండి."

ఆ "మరదలా" అన్న మాటకి బుల్లికి మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ ఆపమనలేదు.

భోజనాల దగ్గర ఇల్లు కొనే సంగతి ఎలాగో బయటపడింది. అక్క చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, మరి ఆ ఫ్లాటు మరిదిగారూ?" అంది.

"ఉంటుందిలే వదినా. ఎవరో కొనుక్కుంటారు. లిఫ్టు ఆగిపోతే వెళ్ళేది ఎలాగూ నేనేగా, చూసుకుంటూ ఉంటా," అన్నాడు అతను, తలెత్తకుండా. ఇంత పెద్ద మాట ఇంత నెమ్మదిగా చెప్పే మనిషి అని అక్క అనుకోలేదు. కూర గిన్నె తెచ్చి అతని పక్కన పెట్టి, అక్కడే కూర్చుంది.

ఆ వారంలోనే బావ ఇరుగుపొరుగు కొండల్లో మంచు తగలని తోటల నుంచి కాఫీ కొని వ్యాపారికి అందించాడు. మిగిలింది చిగుర్లు కాపుకొచ్చాక ఇస్తానంటే, మనిషి ఎలాంటివాడో ఎరిగిన వ్యాపారి ఒప్పుకున్నాడు. తోట అమ్మాల్సిన పని పడలేదు. ధర ఇంకొన్నాళ్ళు పెరిగి, తర్వాత దిగడం మొదలుపెట్టింది. బుల్లి ఆ దిగడం చూసి సంతోషపడలేదు, బాధా పడలేదు. అద్దె వాటా, ఇనప మెట్లు, మధ్యాహ్నానికి అయిపోయే నీళ్ళు అన్నీ అలాగే ఉన్నాయి. పంపు మాత్రం కారడం లేదు.

వానలు పడ్డాక మళ్ళీ కొండకి వెళ్ళారు. మోడుల పక్కల నుంచి వేలెడేసి చిగుర్లు వచ్చాయి. వాటిలో బలమైనవి ఉంచి మిగతావి గిల్లేస్తూ బావ తోడల్లుడిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ ఫండు సంగతి ఇంకోసారి చెప్పు తమ్ముడూ. నేను పంట ముందే ఒక ధరకి ఒప్పుకున్నాననుకో. పక్కన కొంచెం నీ ఫండు కూడా కొని పెట్టుకుంటే?"

"పంట బాగా వచ్చి ధర పడిపోతే ఫండులో నష్టం వస్తుందన్నయ్యా. కానీ మీ కాఫీకి ముందు అనుకున్న ధర వస్తుంది కదా. పంట పోయి ధర పెరిగితే ఫండు కొంత ఆదుకుంటుంది. పూర్తిగా కాదు, తరుగు పోతుంది."

"అది నాకు చెప్పాలా? పుట్టినప్పట్నుంచీ తరుగు చూస్తూనే ఉన్నా," అని బావ గట్టిగా నవ్వాడు. "కొంచెమే కొందాం. మీ వదినకి చెప్పి కొందాం. అది ముఖ్యం."

సాయంత్రం అందరూ కలిసి బస్సు దాకా వచ్చారు. అన్నదమ్ముల్లా వాళ్ళిద్దరూ ఇంకా ధరల సంగతే మాట్లాడుకుంటూ ముందు నడిచారు. బుల్లి బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. అక్క కిందినుంచి చెయ్యి చాచి, చెల్లెలి భుజం మీద జారిన పైట సరిచేసింది.

"మళ్ళీ ఏదైనా కొంటే నాకు చెప్పి కొనవే," అంది.

"చెప్పి కొంటానక్కా."

"పెరిగినా చెప్పు. తగ్గినా చెప్పు."

బస్సు కదిలింది. అక్క అలాగే రోడ్డు మీద నిలబడి, మలుపు వచ్చేదాకా చూస్తూనే ఉంది.